బుల్లితెరపై నిశ్చలచిత్రము

తుపాను హెచ్చరికను టెలివిజనులో చూపుటకు చిత్రకారుడు కంప్యూటరుపై ఫోటోషాప్ వంటి సాఫ్ట్‌వేరుతో నిశ్చలచిత్రమును కూర్చును. అయితే కంప్యూటరుపై చక్కగా కనబడినదెల్ల ప్రసారమున అట్లే కనబడదు.

మన దేశమున 1982లో రంగుల ప్రసారములు ఆరంభమైనవి. ఆ పద్ధతిలో కంటికి కనబడు దృశ్యము 576 గీతలతో ఏర్పడెడిది. బేసి గీతలు ముందును, సరి గీతలు పిదపను వచ్చుటచే, ఒకే గీత మందముగల అడ్డగీత సెకనునకు 25 మారులే వెలిగి మిణుకుమనెడిది. నేటి హెచ్.డి.లో గీతలు 1080 అయినను ఈ పద్ధతి పలుచోట్ల నిలిచియున్నది. కావున అక్షరముల అడ్డగీతలకు కనీసము రెండు గీతల మందముండవలెను.

పాత గాజుతెరలు అంచులను మరుగుపరచెడివి. అందుచే నలువైపుల పదవవంతు విడిచి వ్రాయుట ఆచారమయ్యెను. తెలుగు ఒత్తులు క్రిందికి దిగును, వానికిని చోటుండవలెను.

ఒక్క ఒత్తు మరుగైనను ఊరిపేరు తెలియకపోవచ్చును. సముద్రతీరమున ఆ పేరుకై ఎదురుచూచువానికి స్పష్టమైన అక్షరమే రక్ష.