డిగ్రీ తర్వాత... ఒక కాఫీ ట్రే!

పట్టా చేతికొచ్చింది. హాస్టల్ గది ఖాళీ అయింది. ఉద్యోగం ఇంకా రాలేదు. ఆ కొన్ని నెలలూ ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న: ‘ఇప్పుడేం చేస్తున్నావ్?’

‘సాయంత్రాలు కాఫీ అందిస్తున్నా, జీతం లేకుండా’ అని తలెత్తుకుని చెప్పగలిగే చోటు ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా స్ప్రింగ్స్‌లో, ఫిలా వీధి, 47వ నంబరు. మెట్లెక్కితే కెఫె లీనా. 1960 నుంచీ జానపద పాటకు నీడనిస్తున్న కాఫీహౌస్.

ఐరోపా కోసం తెరిచి...

లీనా స్పెన్సర్, ఆమె భర్త బిల్ ఈ కాఫీహౌస్ తెరిచింది కొంత డబ్బు కూడబెట్టుకుని ఐరోపా వెళ్లిపోదామని. ఆ ప్రయాణం జరగనే లేదు. కొన్నాళ్లకు బిల్ వెళ్లిపోయాడు. లీనా ఉండిపోయింది. చేతిలో డబ్బు ఆడని రోజుల్లోనూ పాడటానికి వచ్చినవాళ్లకు అన్నం పెట్టింది, పడుకోవడానికి చోటిచ్చింది.

1961లో అక్కడికి ఇరవై ఏళ్ల కుర్రాడొకడు గిటారుతో వచ్చాడు. అప్పటికి అతని తొలి ఆల్బమ్ ఇంకా రాలేదు. పాడుతుంటే జనం వినిపించుకోకుండా కబుర్లలో పడ్డారు. బిల్ వేదికెక్కి వాళ్లను మందలించాడని చెబుతారు. ఆ కుర్రాడు బాబ్ డిలన్. 2016లో ఆయనకు సాహిత్యంలో నోబెల్ వచ్చింది.

పాడేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. పాట సాగేంతసేపు నోరు మెదపకుండా కూర్చునే జనం ఉన్న చోటు మాత్రం ఎవరో ఒకరు పూనుకుని నిలబెట్టాల్సిందే. కాఫీహౌస్ అసలు పని అదే.

ఆమె ఇల్లు... ఊరి ఇల్లు

1989లో లీనా ఆ కాఫీహౌస్ మెట్ల మీద పడిపోయి, కోలుకోకుండానే కన్నుమూసింది. అంతటితో తలుపులు మూతపడాల్సింది. కానీ మిత్రులు, శ్రోతలు కలిసి దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చుకున్నారు. 2016లో భవనాన్ని బాగుచేయించినప్పుడు మెట్లెక్కలేనివాళ్ల కోసం లిఫ్టు కూడా పెట్టించారు.

ఇలాంటి చోట్లు నిలబడేది స్వచ్ఛంద సేవకుల మీదే. తలుపు దగ్గర టికెట్లు చూడటం, వచ్చినవాళ్లను కుర్చీల్లో సర్దడం, కాఫీ అందించడం, చివర్లో కప్పులు కడగడం. వినడానికి చిన్న పనులే. మన పెళ్లి బంతిలో గరిటె పట్టిన కుర్రాళ్లకు ఈ పని ఎంత పెద్దదో తెలుసు. ఎవరి విస్తరిలో ఏం తగ్గిందో అడగకముందే కనిపెట్టాలి. ఇక్కడ అదనంగా ఇంకొకటి నేర్చుకోవాలి: పాట మొదలయ్యాక కప్పు కింద పెట్టిన చప్పుడు కూడా వినబడకూడదు.

చదువైపోయిన వెంటనే ఇది ఎందుకంత అవసరం? కాలేజీలో మన చుట్టూ ఉన్నవాళ్లంతా దాదాపు మన ఈడువాళ్లే. ఏ పని చేసినా చివర ఒక మార్కు ఉండేది. కాఫీహౌస్ వంటగదిలో పదవీ విరమణ చేసిన పెద్దావిడ కప్పు కడిగి ఇస్తే, నిన్న పట్టా పుచ్చుకున్నవాడు తుడిచి పెడతాడు. అక్కడ ఎవరూ ఎవరికీ మార్కులు వేయరు. రెజ్యూమెలో చోటు దొరకని ఆ నెలల్లో ‘నేనూ ఒకరికి పనికొస్తున్నాను’ అన్న నమ్మకమే మనిషిని నిలబెడుతుంది.

మన దగ్గరా...

అలాంటి చోటు కోసం సముద్రాలు దాటక్కర్లేదు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010లో తెరుచుకున్న లామకాన్‌లో చాయ్, సమోసాల పక్కనే నాటకం, పాట, చర్చ నడుస్తుంటాయి. ఊళ్లోని గ్రంథాలయంలోనో, బడి వరండాలోనో నెలకో సాయంత్రం ఒక ఫిల్టరు కాఫీ డికాషన్, పది కుర్చీలు, పాడటానికి ఒకరు ఉంటే చాలు. మొదలుపెట్టడానికి చేతిలో కాస్త తీరిక ఉన్నవాళ్లు కావాలి. చదువు ముగిసి, ఉద్యోగం రాని ఆ నెలల్లో మన పిల్లల దగ్గర పుష్కలంగా ఉన్నది అదే.

కెఫె లీనాలో పేరున్నవాళ్లకే కాదు, పేరు రాయించుకున్నవాళ్లకీ పాడే సాయంత్రాలున్నాయి. తొలిసారి మైకు ముందు నిలబడ్డ మనిషికి గొంతు వణుకుతుంది. ట్రే పట్టుకున్న పిల్లో పిల్లాడో నడక ఆపి, గోడకు ఆనుకుని నిలబడిపోతారు. పాట పూర్తయ్యాకే ఆ కాఫీ బల్ల మీదికి చేరుతుంది. అది కాస్త చల్లారినా ఫర్వాలేదు.