ఖాళీగా ఉండటమే ఈ చెరువు పని

ఉద్యోగమంతా వరంగల్ పక్క చెరువు కట్టల మీద తిరిగినవాణ్ని. వానాకాలం రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని, ఇసుక బస్తాల లారీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ నిలబడ్డ కట్టలు ఎన్నో. అయినా మత్తడి దుంకిందంటే మా దగ్గర పండగే. సర్పంచ్ కొబ్బరికాయ కొడతాడు, పిల్లలు చేపల కోసం నీళ్లలోకి దిగుతారు, రెండు పంటలకు ఢోకా లేదని రైతు లెక్కేసుకుంటాడు. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం పడమటి పక్కన ఒక మట్టికట్ట చూశాను. దానికీ మత్తడి ఉంది. కట్ట చివర నేలను వెడల్పుగా తవ్వి, గడ్డి పెంచి వదిలేశారు. రాయి లేదు, సిమెంటు లేదు. అందులో ఆవులు మేస్తున్నాయి. దానిమీంచి నీళ్లు పోవడమంటే పాతికేళ్లకో యాభై ఏళ్లకో ఒకసారి జరిగే సంగతి. అలా పోయిన రోజున అక్కడ కొబ్బరికాయ కాదు, ఇంజనీరుకు ఫోన్.

మా అమ్మాయి ఓక్లహోమా సిటీలో ఉంటుంది. కట్ట ఎక్కి లోపలికి చూసి, "ఇంత పెద్ద కట్ట కట్టి ఇన్నే నీళ్లా నాన్నా?" అంది. అడుగున కాసిని నీళ్లు, పైన అంతా పచ్చిక. చెరువు నిండలేదని కాదు, నిండకుండా ఉంచడానికే కట్టారు. వచ్చే వరదకు చోటు కావాలి కదా.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1934 ఏప్రిల్‌లో ఒక రాత్రి కుండపోత వానకు వాషిటా నది పొంగి, హామన్ అనే ఊళ్లో 17 మంది చనిపోయారు. అటు దుమ్ము తుఫానులు, ఇటు వరదలు. గడ్డినేలను దున్నేసిన పాపం రెండు వైపుల నుంచీ తగిలిన కాలమది. 1944లో వరద నియంత్రణ చట్టం వచ్చి, 11 నదీ పరీవాహకాల్లో ఎగువన చిన్న చిన్న కట్టలు వేయడానికి అనుమతిచ్చింది. వాటిలో వాషిటా ఒకటి. ఆ వరసలో మొదటిది 1948లో కార్డెల్ పరిసరాల్లో క్లౌడ్ క్రీక్ మీద వేశారు. 1954లో ఇంకో చట్టంతో పని దేశమంతా పాకింది. ఇప్పుడు ఒక్క ఓక్లహోమాలోనే ఇలాంటివి 2,107 ఉన్నాయి. దేశంలో మొత్తం దాదాపు 12 వేలు.

చిన్నవి అంటే మరీ కుంటలని కాదు. 1954 చట్టం కింద ఒక్కో కట్టకు 25 వేల ఎకరా అడుగుల పరిమితి ఉంది. మన లెక్కలో టీఎంసీకి కాస్త ఎక్కువ. నిజానికి చాలావరకు అందులో చిన్న వంతు కూడా ఉండవు. నదికి అడ్డంగా ఒక మహా ఆనకట్ట కట్టి లంకభూములన్నీ ముంచే బదులు, ప్రతి పిల్లవాగునూ పుట్టినచోటే పట్టుకుందామన్నది ఆలోచన. దీని మీద ఆ రోజుల్లో పెద్ద గొడవే నడిచింది. సైన్యం ఇంజనీర్లు పెద్ద ఆనకట్టలన్నారు, రైతులు చిన్నవే చాలన్నారు. నన్నడిగితే ఇద్దరిదీ సగం నిజం. కట్ట కిందున్న పొలాలను, ఊళ్లను ఇవి కాపాడతాయి. వంద మైళ్ల దిగువన పెద్ద నది పొంగితే వీటివల్ల అయ్యేది తక్కువ.

నాకు బాగా నచ్చింది తూము. నీళ్ల మధ్య కాంక్రీటు గూడు ఒకటి నిలబడి ఉంటుంది, చెత్త పోకుండా పైన ఇనుప కమ్మీలు. నీటిమట్టం దాని నోటిదాకా వస్తే నీళ్లు వాటంతటవే లోపలికి పడి, కట్ట అడుగున గొట్టంలోంచి వాగులోకి పోతాయి. చెరువును పూర్తిగా ఖాళీ చేయాల్సి వస్తే అడుగున చిన్న గేటుంటుంది గానీ, వరదకు దానితో పనిలేదు. వరద పోయే నోటికి తలుపే లేదు. గొట్టం ఎంత మోయగలదో అంతే కిందికి పోతుంది, మిగతాది కట్ట వెనక ఆగుతుంది. అలా ఆగినదంతా దాదాపు పది రోజుల్లో దిగిపోయేలా గొట్టం సైజు లెక్కగడతారు. వెనకే ఇంకో వాన రావచ్చు కదా. అర్ధరాత్రి నీరటికాణ్ని లేపక్కర్లేదు, తుప్పుపట్టిన షట్టరుతో కుస్తీ పట్టక్కర్లేదు. 2015 మే నెల ఓక్లహోమా రికార్డుల్లోనే అత్యంత ఎక్కువ వాన పడిన నెల. అప్పుడూ ఈ గొట్టాలు ఎవరూ ముట్టుకోకుండానే పనిచేశాయి.

మట్టికట్టకు గండి పడటానికి నీళ్లు పైనుంచి పొర్లడం ఒక దారి. రెండోది బుంగ, అదే నాకు భయం. ఓక్లహోమాలో, మిసిసిపీలో కొన్ని కట్టలు చక్కగా రోలరు తొక్కించినా మొదటిసారి నీళ్లు చేరగానే బుంగలు పడ్డాయి. జేమ్స్ షెరార్డ్ అనే ఇంజనీరు, మరో ఇద్దరు కలిసి దీని కారణం వివరిస్తూ 1972లో పత్రాలు ప్రచురించారు. అక్కడి కొన్ని బంకమట్టుల్లో సోడియం ఎక్కువ. అలాంటి మట్టి నీళ్లు తగిలితే అతుక్కోదు, రేణువు రేణువుగా విడిపోయి నీటితోపాటు నడుస్తుంది. వెంట్రుకవాసి పగులు చాలు, గంటల్లో సొరంగమవుతుంది. మన చౌడు మట్టి సంగతీ ఇంతే. చౌడు కట్టకు పనికిరాదని మా మేస్త్రీలకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. వాగు ఒడ్డున బఠాణీ గింజంత మట్టిపెళ్ల తీసుకొచ్చి, మా అమ్మాయి వంటింట్లో గాజుగ్లాసు నిండా డిస్టిల్డ్ వాటర్ పోసి మెల్లగా వదిలాను. మామూలు మట్టయితే పొడిపొడిగా రాలి అడుగున కూర్చుంటుంది, పైన నీళ్లు తేటగా ఉంటాయి. ఇది అలా కాలేదు. పెళ్ల చుట్టూ పలచని ఎర్రమబ్బు పుట్టి, గ్లాసు అడుగంతా పాకింది. కదిపింది లేదు, కలిపింది లేదు. అలాంటి మట్టితో కట్టాల్సి వస్తే సున్నమో జిప్సమో కలుపుతారు. గొట్టం చుట్టూ ఇసుక ఫిల్టరు వేస్తారు, ఊట బయటికి పోవాలి గాని మట్టి పోకూడదు.

పూడికను ముందే లెక్కలో వేసుకున్నారు. అడుగున కనిపించే ఆ కాసిని నీళ్ల చోటు పూడిక కోసమే, సాధారణంగా యాభై ఏళ్లకు సరిపడా. మనం చెరువుల పునరుద్ధరణకు పెట్టుకున్న మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలుకున్నాం, అక్కడ ఆ అలవాటు కనబడలేదు. సగానికి పైగా కట్టలకు ఆ యాభై ఏళ్లు దాటిపోయాయి. కట్ట మీద మన తుమ్మచెట్ల లాగే అక్కడ సెడార్ చెట్లు మొలుస్తాయి, పందికొక్కుల పని గోఫర్లు చేస్తాయి. చెట్లు కొట్టించడం, బొరియలు పూడ్పించడం కన్జర్వేషన్ జిల్లా అనే స్థానిక సంస్థ బాధ్యత. వాళ్ల దగ్గర మనుషులు తక్కువ, డబ్బు ఇంకా తక్కువ.

అసలు చిక్కు కట్ట కింద ఉంది. పొలాలను కాపాడటానికి కట్టినవి ఇవి, తెగినా గోధుమ పంట పోతుందని లెక్క. వరద రావడం మానేసరికి కింద భూమి ధర పెరిగింది, ఇళ్లు లేచాయి. ఇల్లు లేచిన రోజున, కట్టలో ఒక్క గంపెడు మట్టి మారకపోయినా, అది ప్రమాదకరమైన ఆనకట్టల జాబితాకెక్కుతుంది. ఇక కట్ట ఎత్తు పెంచాలి, మత్తడి వెడల్పు చేయాలి, తూము మార్చాలి. 2000లో చట్టం సవరించి ఖర్చులో 65 శాతం కేంద్రం ఇస్తామంది. మిగతా 35 శాతం తేవడానికి స్థానికులు తిప్పలు పడుతున్నారు. ఇళ్లు కట్టొద్దని ఆపే అధికారం మాత్రం కన్జర్వేషన్ జిల్లాకు లేదు.

కట్ట ఎగువన అలా కాదు. వరద నీళ్లు నిలిచే భూమి రైతుదే. గడ్డి కోసుకుంటాడు, పశువులు మేపుకుంటాడు. కానీ ఆ నేలలో నీళ్లు నిలిపే హక్కును అతను రాసిచ్చాడు, రిజిస్టరు చేశారు. రేపు భూమి అమ్మినా కొన్నవాడికీ అదే షరతు. మన దగ్గర చెరువు మునకలోని శిఖం భూమికి, దాని హద్దు చూపే ఎఫ్‌టీఎల్ రాళ్లకు ఏ గతి పట్టిందో చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ వైపు చెరువులు తెగి, కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోవడం అందరం టీవీలో చూశాం. ఖాళీ చెరువును మన రైతు ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా, ఆ నీళ్లే అతని బువ్వ. మా నీటిపారుదల శాఖవాళ్లెవరైనా ఓక్లహోమా వైపు వెళ్తే ఆ గొట్టం డ్రాయింగు తెచ్చుకోకపోయినా పర్లేదు, రైతు సంతకం పెట్టిన ఆ దస్తావేజు నకలు ఒకటి తెచ్చుకోమంటాను.