ప్లాస్మా ఆరిన తరువాత: పారిశ్రామిక ప్లాస్మా పరికరాల నిర్వహణలో ప్రమాద కారకాలు

ఉపోద్ఘాతం

వాయువుకు తగినంత శక్తి అందినప్పుడు దానిలోని కొన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి అయాన్లుగా మారతాయి. ఎలక్ట్రాన్లు, అయాన్లు, తటస్థ కణాలు కలగలిసిన ఈ స్థితికి 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ప్లాస్మా అని పేరు పెట్టారు. నేడు సిలికాన్ పలకలపై సూక్ష్మ వలయాలను చెక్కడానికి, పలుచని పొరలను పేర్చడానికి, ఉక్కు గేర్లను, అచ్చులను నైట్రైడింగ్ ద్వారా గట్టిపరచడానికి, టర్బైను రెక్కలకు సిరామిక్ పూత వేయడానికి, దళసరి లోహపు పలకలను కోయడానికి ప్లాస్మా సాధనమైంది. మన దేశంలో గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ, పూతల రంగంలో హైదరాబాదులోని ఏఆర్‌సీఐ వంటి సంస్థలు ఈ ప్రక్రియలపై కృషి చేస్తున్నాయి. విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో సైతం స్పట్టరింగ్, ప్లాస్మా సీవీడీ పరికరాలు సాధారణమయ్యాయి.

ప్లాస్మా అనగానే తీవ్రమైన వేడి స్ఫురిస్తుంది. అయితే అల్పపీడన ప్లాస్మాలో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత పదివేల కెల్విన్లు దాటినప్పటికీ వాయువు చాలా పలుచగా ఉంటుంది కనుక ఆ వేడి అంతగా బయటపడదు. గాజు కిటికీ వెనుక ఊదారంగులో వెలిగే ఆ కాంతి, చూసేవారికి కలిగించే భయంతో పోలిస్తే, చేసే హాని స్వల్పం. నడుస్తున్న యంత్రంలో అధిక వోల్టేజి, విషవాయువులు, రేడియో తరంగాలు అన్నీ లోహపు గోడల వెనుక బంధించబడి ఉంటాయి. నిర్వహణ పని అంటే ఆ గోడను కావాలని తెరవడమే. అందువల్ల ఈ పరికరాల విషయంలో ప్రమాదం ప్లాస్మా వెలుగుతున్నప్పటి కంటే అది ఆరిన తరువాతనే ఎక్కువగా పొంచి ఉంటుంది.

వాతావరణ పీడనం వద్ద పనిచేసే కోత, పూత యంత్రాలు దీనికి మినహాయింపు. అక్కడ చాపం బహిరంగంగానే మండుతుంది. అతినీలలోహిత కిరణాలు కంటిని, చర్మాన్ని దెబ్బతీస్తాయి. ఓజోను, నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలును కోసేటప్పుడు వచ్చే పొగలో క్యాన్సర్ కారకమైన షట్సంయోజక క్రోమియం ఉంటుంది. ధ్వని 100 డెసిబెల్స్ దాటడం సాధారణమే. వీటికి ముసుగు, చెవి రక్షణ, పొగను లాగే గొట్టం వంటి పరిహారాలు సుపరిచితం కనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు.

నిలిచి ఉండే విద్యుత్తు

అల్పపీడన పరికరాల్లో ఎక్కువ భాగం 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద పనిచేస్తాయి. ఈ పౌనఃపున్యానికి నరాలు దాదాపు స్పందించవు. ఇంటి విద్యుత్తు తగిలితే చెయ్యి జివ్వున లాగుతుంది. రేడియో పౌనఃపున్య విద్యుత్తు అటువంటి హెచ్చరిక ఇవ్వదు. అది కణజాలాన్ని లోపలి నుంచి వేడి చేస్తుంది. పైకి చిన్న తెల్లని మచ్చగా కనిపించే కాలిన గాయం లోపల చాలా లోతుగా ఉండవచ్చు, మానడానికి వారాలు పట్టవచ్చు. విద్యుజ్జనకానికి, ఛాంబరుకు మధ్య ఉండే మ్యాచింగ్ పెట్టె మూత తీసి యంత్రాన్ని నడిపినప్పుడు, కేబుల్ కనెక్టరు వదులైనప్పుడు ఇటువంటి గాయాలకు అవకాశం ఏర్పడుతుంది.

ఏకముఖ విద్యుత్తుతో, స్పందనలతో నడిచే పరికరాల్లో సమస్య మరొక రకం. అక్కడ కెపాసిటర్లు శక్తిని నిల్వ చేస్తాయి. 20 కిలోవోల్టుల వద్ద ఒక మైక్రోఫారడ్ కెపాసిటరులో 200 జౌళ్ల శక్తి ఉంటుంది. గుండె లయను తప్పించడానికి అది చాలు. స్విచ్చి ఆపగానే నిల్వ ఉన్న ఆవేశం నిరోధకం గుండా నెమ్మదిగా ఖాళీ కావాలన్నది రూపకర్తల ఉద్దేశం. ఆ నిరోధకం తెగిపోయినా యంత్రం మామూలుగానే నడుస్తుంది కాబట్టి లోపం ఎవరికీ తెలియదు. పైగా ఒకసారి ఖాళీ చేసిన కెపాసిటరులో, రోధకపు పొరల్లో చిక్కుకున్న ఆవేశం వల్ల, కొన్ని నిమిషాల తరువాత వోల్టేజి మళ్లీ తలెత్తుతుంది. అందుకే అనుభవజ్ఞులైన సాంకేతికులు ఎర్తింగ్ కడ్డీని ఒకసారి తాకించి తీసేయరు. పని ముగిసే వరకు దానిని తగిలించే ఉంచుతారు.

యంత్రం తలుపు తీస్తే విద్యుత్తును ఆపే ఇంటర్‌లాక్‌ను చిన్న తీగ ముక్కతో కలిపివేయడం ప్రయోగశాలల్లో ఊహకందని విషయమేమీ కాదు. లోపాన్ని వెతకడానికి కొద్దిసేపు అలా చేయవలసి వస్తుంది. ఆ తీగను తిరిగి తొలగించాలని గుర్తుంచుకోవలసినది ఒక్కరే అయినప్పుడు చిక్కు మొదలవుతుంది. 1989లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ తప్పనిసరి చేసిన, తాళం వేసి ట్యాగు కట్టే పద్ధతిలోని సూత్రం ఇక్కడ ప్రధానం. ఎవరి శరీరం యంత్రం లోపల ఉంటుందో వారి తాళమే స్విచ్చికి ఉండాలి, తాళపుచెవి వారి జేబులోనే ఉండాలి.

ఒసాకా, 1991

సిలేన్ వాయువు గాలి తగలగానే దానంతట అదే అంటుకుంటుంది. వినడానికి వింతగా ఉన్నా, అంటుకోవడం కంటే అంటుకోకుండా ఉండటమే అధిక ప్రమాదకరం. కొన్ని పరిస్థితుల్లో అది వెంటనే మండక గాలితో కలిసి పోగవుతుంది, ఆపైన ఒక్కసారిగా పేలుతుంది. సిలికాన్ ఆక్సైడ్ పొరలను తయారు చేసే ప్లాస్మా సీవీడీలో ఈ సిలేన్‌తో పాటు నైట్రస్ ఆక్సైడ్‌ను వాడతారు. ఒకటి ఇంధనం, మరొకటి ఆక్సీకారిణి. ఛాంబరులో, అతి తక్కువ పీడనంలో అవి కలవడం ప్రక్రియ. సిలిండరులో కలిస్తే విస్ఫోటనం.

1991 అక్టోబరులో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో సరిగ్గా అదే జరిగింది. పరిశోధనశాలలోని సిలేన్ సిలిండరు పేలి ఇద్దరు విద్యార్థులు మరణించారు, మరికొందరు గాయపడ్డారు. గొట్టాలను శుభ్రపరచే వాయుమార్గం గుండా నైట్రస్ ఆక్సైడ్ వెనక్కి ప్రవహించి సిలేన్ సిలిండరులోకి చేరిందని దర్యాప్తులో తేలింది. అలా వెనక్కి రాకుండా ఆపవలసిన చెక్ వాల్వు అక్కడ ఉంది. దానిలోని రబ్బరు వలయం పాడైపోవడంతో అది పేరుకే మిగిలింది.

ఈ ఘటన భౌతికశాస్త్ర పాఠం కూడా. నైట్రస్ ఆక్సైడ్ సిలిండరులో ద్రవరూపంలో ఉంటుంది. ద్రవం అయిపోయేంత వరకు, గది ఉష్ణోగ్రత వద్ద, దాని పీడనం సుమారు 50 వాతావరణాల దగ్గర నిలకడగా ఉంటుంది. సిలేన్ వాయురూపంలోనే ఉంటుంది కనుక వాడుతున్న కొద్దీ దాని పీడనం తగ్గుతుంది. అంటే ఏర్పాటు చేసిన మొదటి రోజు సురక్షితంగా కనిపించిన అమరికలోనే నెలలు గడిచేకొద్దీ వెనక్కి ప్రవహించే ధోరణి పెరుగుతుంది. పరస్పరం చర్య జరిపే వాయువుల మధ్య ఒక్క వాల్వును నమ్ముకోకుండా, శుభ్రపరచే నైట్రోజన్‌ను ఒక్కొక్క వాయువుకు వేర్వేరు సిలిండర్ల నుంచి ఇవ్వాలన్న నియమం వెనుక ఉన్న తర్కం ఇదే. సిలేన్ సిలిండరు వాల్వులో పావు మిల్లీమీటరు రంధ్రాన్ని అమర్చడం మరొక జాగ్రత్త. గొట్టం తెగినా బయటికి వచ్చే ప్రవాహం పరిమితమవుతుంది.

డోపింగుకు వాడే ఆర్సీన్ సంగతి వేరు. అమెరికా ప్రమాణాల ప్రకారం గాలిలో పది లక్షల భాగాలకు 3 భాగాల ఆర్సీన్ ప్రాణానికి తక్షణ ముప్పు. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు ఈ పరిమితి 30, క్లోరిన్‌కు 10. ఆర్సీన్‌కు వెల్లుల్లి వంటి వాసన ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. ఆ వాసన తెలిసేసరికే అనుమతించిన పరిమితి దాటిపోయి ఉంటుంది కనుక ముక్కును కొలమానంగా నమ్మరాదు.

ఛాంబరు తెరిచినప్పుడు

అల్యూమినియం ఎచింగ్‌లో బోరాన్ ట్రైక్లోరైడ్, క్లోరిన్ వాడతారు. పని ముగిశాక గోడలపై అల్యూమినియం క్లోరైడ్ పొరగా మిగులుతుంది. తలుపు తీయగానే గాలిలోని తేమతో అది చర్య జరిపి హైడ్రోజన్ క్లోరైడ్‌ను విడుదల చేస్తుంది. తేమ నిండిన సముద్రతీర నగరాల్లో, వానాకాలంలో ఈ చర్య మరింత వేగంగా సాగుతుందని వేరుగా చెప్పనవసరం లేదు. ఫ్లోరిన్ సమ్మేళనాల ఎచింగ్ తరువాత అవశేషాల నుంచి ఇదే విధంగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టవచ్చు. తెరిచే ముందు ఛాంబరును నైట్రోజన్‌తో పలుమార్లు నింపి ఖాళీ చేయడం, తెరిచిన చోటనే గాలిని లాగే గొట్టం ఉంచడం ఇందుకే.

ఆ నైట్రోజన్ కూడా నిరపాయకరం కాదు. 20 సెంటీమీటర్ల వ్యాసం గల గాజు కిటికీపై, లోపల శూన్యం ఉన్నప్పుడు, బయటి గాలి సుమారు 320 కిలోల బరువుతో ఒత్తుతుంది. గాజును గట్టిగా నిలిపేది కూడా ఆ ఒత్తిడే. ఛాంబరును నింపే నైట్రోజన్‌కు పీడన విమోచక వాల్వు లేకపోతే లోపలి పీడనం బయటి దానిని మించి, లోపలికి ఒత్తిడిని తట్టుకోవడానికి అమర్చిన కిటికీ బయటికి ఎగిరిపడే అవకాశం ఉంది. గాలి ప్రసరణ లేని చిన్న గదిలో లీకయ్యే నైట్రోజన్ రంగు, వాసన లేకుండానే ఆక్సిజన్‌ను 19.5 శాతం కంటే తగ్గిస్తుంది. ఊపిరాడని అనుభూతి కలగకుండానే మనిషి స్పృహ కోల్పోతాడు.

అందరూ మరిచిపోయేది పంపును. ఛాంబరులోకి వెళ్లిన ప్రతి వాయువు చివరికి దాని గుండానే బయటికి వస్తుంది. ఆక్సిజన్ ప్లాస్మాకు ఖనిజ నూనె నింపిన పంపును తగిలిస్తే నూనె మండవచ్చు, పేలవచ్చు. ఫ్లోరిన్ సంబంధిత జడ ద్రవం మాత్రమే అక్కడ వాడాలి. సిలేన్ వాడే వ్యవస్థల్లో బయటి గొట్టాలలో సన్నని పొడి పేరుకుంటుంది. క్లోరోసిలేన్లున్న చోట ఏర్పడే జిగురు అవశేషాలు తేమ తగిలాక చిన్న తాకిడికే పేలే పదార్థాలుగా మారగలవు. 2014 జనవరిలో జపాన్‌లోని యొక్కాయిచిలో ఒక పాలీసిలికాన్ కర్మాగారంలో ఉష్ణవినిమాయకాన్ని శుభ్రపరచే సమయంలో జరిగిన పేలుడులో ఐదుగురు మరణించారు. అది ప్లాస్మా పరికరం కాకపోయినా రసాయన చర్య ఈ కోవలోదే, సమయమూ శుభ్రపరచే సమయమే.

ప్రయోగశాలలో పరిస్థితి

పెద్ద కర్మాగారంలో వాయువులను అమర్చేవారు, యంత్రాన్ని నడిపేవారు, మరమ్మతు చేసేవారు సాధారణంగా వేర్వేరు వ్యక్తులు. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఈ మూడు పాత్రలూ తరచుగా ఒకే పరిశోధక విద్యార్థివి. ఏ వాల్వును ఎందుకు మార్చారు, ఏ ఇంటర్‌లాక్‌కు తీగ కలిపారు, ఏ సిలిండరు ఎన్నాళ్లుగా ఉంది అన్నవి అతని జ్ఞాపకంలో ఉంటాయి. సిద్ధాంత వ్యాసం సమర్పించి అతను వెళ్లిపోయాక యంత్రం మిగులుతుంది, జ్ఞాపకం మిగలదు. సిద్ధాంత వ్యాసంలో ప్రయోగ పరామితులన్నీ దశాంశ స్థానాలతో సహా నమోదవుతాయి. వాయుమార్గాల పటం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. పర్యవేక్షకులు ఆ పటాన్ని, మార్పుల చిట్టాను, చెక్ వాల్వులు, రబ్బరు వలయాలు మార్చిన తేదీలను పరికరం పక్కనే ఉంచాలని పట్టుబట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఫ్లోరిన్ వాడే ప్రయోగశాలలో మరొక చిన్న వస్తువు అవసరం. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మంపై పడినప్పుడు, సాంద్రత తక్కువైతే, నొప్పి కొన్ని గంటల వరకు తెలియకపోవచ్చు. ఈలోగా అది లోపలికి ఇంకి శరీరంలోని కాల్షియాన్ని బంధిస్తుంది. గాయం పెద్దదైతే గుండె ఆగిపోవచ్చు. వెంటనే నీటితో కడిగి, కాల్షియం గ్లూకోనేట్ జెల్లు రాసి, ఆసుపత్రికి తరలించాలి. ఆ జెల్లుకు గడువు తేదీ ఉంటుంది. సమీపంలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి ఈ ఆమ్లం గురించి ముందుగానే తెలియజేసి ఉంచడం, జెల్లు ఏ అరలో ఉందో రాత్రి వేళ పనిచేసే విద్యార్థికి కూడా తెలిసి ఉండటం ప్రయోగశాల బాధ్యులు చూసుకోవలసిన పని.