రాయ్‌పూర్ బడి నుంచి పదహారో చట్టం దాకా

1969 జులై 31. ఢిల్లీ రాష్ట్రపతి భవన్‌లో విందు. అతిథి అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్. వారం కిందటే, చంద్రుడి మీదికి వెళ్లొచ్చిన అపోలో-11 వ్యోమగాములను పసిఫిక్ సముద్రం మధ్యలో పలకరించి, అటునుంచి అటే ఆసియా పర్యటనకు బయల్దేరారు. ఆ రాత్రి భారతదేశం తరఫున ఆయనకు ఆతిథ్యమిచ్చింది రాజకీయ నాయకుడు కాదు. రాయ్‌పూర్ ప్రభుత్వ హైస్కూల్లో చదువుకున్న న్యాయమూర్తి, మొహమ్మద్ హిదాయతుల్లా.

అమెరికాలో ఫెడరల్ జడ్జి ఎలా అవుతారు, ఆ దారికీ మన దారికీ ఎంత తేడా? ఈ వారం ముఖచిత్ర కథనానికి డెస్క్ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. వాషింగ్టన్ వైపు మొదలైన వెతుకులాట తిరిగి తిరిగి రాయ్‌పూర్ చేరింది. ఆ విందు దగ్గర రెండు దారులూ ఒకే గదిలో కలిశాయి మరి.

నిక్సన్ దారి ముందు చూద్దాం. ఆ విందు అయిన పద్దెనిమిదో రోజున, ఆగస్టు 18న, ఆయన సుప్రీంకోర్టులో ఖాళీకి క్లెమెంట్ హేన్స్‌వర్త్ పేరు ప్రకటించారు. హేన్స్‌వర్త్ అప్పటికే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు జడ్జి. మూడు నెలలు బహిరంగ విచారణలు, వాదోపవాదాలు నడిచాక సెనేట్ 55-45 ఓట్లతో కాదంది. తర్వాత పంపిన కార్స్‌వెల్ పేరునూ 1970 ఏప్రిల్‌లో 51-45తో తిప్పి కొట్టింది. మూడోసారి పంపిన హ్యారీ బ్లాక్‌మన్‌కు మాత్రం 94 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. అక్కడ జడ్జి బతుకంతా ఆ ఒక్క గడప దాటడంలో ఉంది. దాటితే జీవితాంతం పదవే, రిటైర్మెంటు వయసంటూ లేదు. 94 జిల్లా కోర్టుల్లో ఎక్కడో ఒకచోట మొదలుపెట్టినవారు చాలామంది అక్కడే ఉండిపోతారు, పైకి వెళ్లాలన్న నియమమూ లేదు. అంతకుముందు ఏ కోర్టులోనూ జడ్జిగా కూర్చోని కాలిఫోర్నియా గవర్నర్ ఎర్ల్ వారెన్ నేరుగా ప్రధాన న్యాయమూర్తి అయిపోయారు.

మన దగ్గర గడప ఒక్కటి కాదు, మెట్లు. హిదాయతుల్లా సర్వీసు తేదీల పట్టీ చదువుతుంటే ఆ మెట్లు ఒక్కొక్కటే కనిపిస్తాయి. 1905 డిసెంబర్ 17న పుట్టారు. 1922లో రాయ్‌పూర్‌లో మెట్రిక్యులేషన్ ముగించారు. నాగపూర్ మోరిస్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జి ట్రినిటీ, లింకన్స్ ఇన్. 1930 జులై 19న నాగపూర్‌లో న్యాయవాదిగా నమోదయ్యారు. 1935 నుంచి 1943 దాకా అక్కడి లా కాలేజీలో పాఠాలూ చెప్పారు. 1942 డిసెంబర్ 12న గవర్నమెంటు ప్లీడరు. ఎనిమిది నెలలు నిండకుండానే సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్ అడ్వొకేట్ జనరల్, ముప్పై ఏడేళ్ల వయసులో. 1946 జూన్ 24న హైకోర్టు అదనపు న్యాయమూర్తి, అదే సెప్టెంబర్‌లో స్థిర న్యాయమూర్తి. 1954 డిసెంబర్ 3న నాగపూర్ ప్రధాన న్యాయమూర్తి.

ఆ హైకోర్టు కథ ఒక్క ఊపిరిలో చెప్పుకోవాలి. నాగపూర్‌లో 1936లో వచ్చింది, 1956 నవంబర్‌లో రాష్ట్రాల పునర్విభజనతో మధ్యప్రదేశ్ హైకోర్టుగా జబల్‌పూర్ వెళ్లింది, 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ పుట్టినప్పుడు కొత్త హైకోర్టు బిలాస్‌పూర్‌లో వెలిసింది. రాజధాని అయిన రాయ్‌పూర్‌కు హైకోర్టు రాలేదు. 2003లో ఒక న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, దానికి హిదాయతుల్లా పేరు పెట్టుకున్నారు.

ఈ తేదీల పట్టీ పక్కన మరో పట్టీ పెట్టి చూస్తే తెలుగు పాఠకుడికి ఒళ్లు పులకరిస్తుంది. అది రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావుది. హిదాయతుల్లా నాగపూర్‌లో ప్రధాన న్యాయమూర్తి అయిన 1954లోనే, అయిదు నెలల ముందు, జులైలో, గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టుకు సుబ్బారావు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1956 నవంబర్‌లో ఈయన నాగపూర్ నుంచి జబల్‌పూర్ వెళితే ఆయన గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లారు. 1958లో ఇద్దరూ సుప్రీంకోర్టుకే వచ్చారు. సుబ్బారావు జనవరి 31న, హిదాయతుల్లా డిసెంబర్ 1న. మధ్యలో పది నెలలు. సీనియారిటీ రాజ్యమేలే చోట పది నెలలంటే మాటలు కాదు. సుబ్బారావు 1966లో, మధ్యలో వాంఛూ 1967లో, ఆ తర్వాత 1968 ఫిబ్రవరి 25న హిదాయతుల్లా భారత ప్రధాన న్యాయమూర్తులయ్యారు.

ఈ మెట్లదారి మీద ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది, అది న్యాయమైనదే. ప్రభుత్వం తరఫున వాదించినవాడిని, ప్రభుత్వం ఇచ్చిన అడ్వొకేట్ జనరల్ పదవిలోంచి వచ్చినవాడిని తీసుకొచ్చి బెంచి మీద కూర్చోబెడితే ఎవరి పక్షాన తూగుతాడు? అమెరికాలోనూ ఇదే ప్రశ్న, ఫెడరల్ ప్రాసిక్యూటర్లు జడ్జీలవడం అక్కడ మామూలే. హిదాయతుల్లా విషయంలో జవాబు రికార్డుల్లోనే ఉంది.

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసు తీర్పు వచ్చింది. ప్రాథమిక హక్కులను కత్తిరించే రాజ్యాంగ సవరణ చేసే అధికారం పార్లమెంటుకు ఉందా అన్నది ప్రశ్న. పదకొండుమంది న్యాయమూర్తులు. లేదని సుబ్బారావు తనకూ మరో నలుగురికీ కలిపి ఒక తీర్పు రాశారు. ఉందని అయిదుగురు. అటూ ఇటూ అయిదేసి. త్రాసు మొగ్గింది హిదాయతుల్లా విడిగా రాసిన తీర్పుతో. పాత సవరణలను కదపకుండా ఇకమీదటికే తీర్పును వర్తింపజేసే సూత్రాన్ని సుబ్బారావు అమెరికా న్యాయశాస్త్రం నుంచి తెచ్చుకున్నారు. హిదాయతుల్లా వేరే తర్కంతో నడిచి అదే గమ్యం చేరారు. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను పక్కనపెట్టిందన్నది నిజం. కానీ ఆరోజు ప్రభుత్వానికి ఎదురు నిలిచిన ఆరో ఓటు ఒకప్పటి గవర్నమెంటు ప్లీడరుది.

ఇక ఈ కథలో మమకారంతో పదేపదే తిరగేయాలనిపించే కాగితం, 1969 నాటి పదహారో నంబరు చట్టం.

మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. మరి ఆయన కూడా ఖాళీ చేస్తే? రాజ్యాంగంలో దీనికి సిద్ధంగా జవాబు లేదు. ఇలాంటి సందర్భాలకు ఏర్పాటు చేసుకోమని 70వ అధికరణం పార్లమెంటుకే వదిలేసింది. పంతొమ్మిదేళ్లపాటు ఆ అవసరం పడలేదు. ఇప్పుడు హడావిడిగా చట్టం చేశారు. రెండు పదవులూ ఖాళీ అయితే భారత ప్రధాన న్యాయమూర్తి, ఆయన లేకపోతే అందుబాటులో ఉన్న సీనియర్ న్యాయమూర్తి, రాష్ట్రపతి విధులు నిర్వహించాలి. చట్టం చిన్నది. మే 28న దానికి ఆమోదముద్ర పడింది. వేసింది తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరిగారే.

జులై 20న గిరి రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయడానికి రాజీనామా ఇచ్చారు. ఆ ఖాళీలోకి, తాను కోరుకోకుండానే, హిదాయతుల్లా వచ్చారు. ఆగస్టు 24న గిరి రాష్ట్రపతిగా తిరిగి వచ్చేదాకా ముప్పై అయిదు రోజులు. ఒక తెలుగు నాయకుడు లేచి మళ్లీ వచ్చి కూర్చునేలోపు ఆ కుర్చీని కాపాడింది రాయ్‌పూర్ బడి విద్యార్థి.

ఆ ముప్పై అయిదు రోజులకు ఒక మూల్యం చెల్లించాల్సి వచ్చింది. రాజీనామాకు ముందు రోజు గిరి పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు జారీ చేశారు. దాన్ని చట్టంగా మార్చిన బిల్లుకు ఆగస్టు 9న ఆమోదం తెలిపింది హిదాయతుల్లా. ఆ చట్టం సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, దానిమీద సంతకం చేసిన చెయ్యి దాన్ని తూచకూడదు కదా! పదకొండుమంది ధర్మాసనంలో ఆయన లేరు. జస్టిస్ జె.సి. షా నాయకత్వంలో ఆ కేసు నడిచింది, 1970 ఫిబ్రవరిలో చట్టాన్ని కొట్టేశారు. దేశాన్ని కుదిపిన కేసుకు ప్రధాన న్యాయమూర్తి దూరంగా ఉండిపోవడం చిన్న విషయం కాదు.

రాజభరణాల కేసులో మాత్రం ఆయన కూర్చున్నారు. సంస్థానాధీశుల గుర్తింపును రద్దు చేస్తూ రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు చెల్లదని తీర్పు వచ్చింది 1970 డిసెంబర్ 15న. ఆ ఉత్తర్వు ఇచ్చిన రాష్ట్రపతి గిరిగారే. మర్నాడు, డిసెంబర్ 16న, హిదాయతుల్లా పదవీ విరమణ చేశారు.

రాజీనామా చేసి పోటీకి

చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ 1916లో అమెరికా సుప్రీంకోర్టు పదవి వదిలి అధ్యక్ష ఎన్నికలో దిగి వుడ్రో విల్సన్ చేతిలో ఓడిపోయారు. 1930లో ప్రధాన న్యాయమూర్తిగా తిరిగొచ్చారు. కోకా సుబ్బారావు విరమణకు మూడు నెలలుండగా, 1967 ఏప్రిల్ 11న రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971. అరవై అయిదేళ్లకు విరమణ తప్పని మన పద్ధతిలో ఆయనకు తిరిగొచ్చే దారి లేదు.

రాయ్‌గఢ్, అమరావతి, ఢిల్లీ

హిదాయతుల్లా నడిచిన మెట్లదారిలోనే వచ్చిన జస్టిస్ ప్రశాంత్ కుమార్ మిశ్రా 1987లో న్యాయవాది అయ్యారు. సొంత ఊరు రాయ్‌గఢ్ జిల్లా కోర్టులోనూ, జబల్‌పూర్, బిలాస్‌పూర్ హైకోర్టుల్లోనూ వాదించారు. 2007 సెప్టెంబర్ నుంచి ఛత్తీస్‌గఢ్ అడ్వొకేట్ జనరల్. హిదాయతుల్లా ఎక్కిన మెట్టే. 2009 డిసెంబర్ 10న హైకోర్టు న్యాయమూర్తి. 2021 అక్టోబర్ 13న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా అమరావతి వచ్చారు. అప్పటిదాకా అక్కడున్న జస్టిస్ అరూప్ కుమార్ గోస్వామి అదే నెలలో బిలాస్‌పూర్ వెళ్లారు. 2023 మే 16న సుప్రీంకోర్టు సీనియర్ న్యాయమూర్తుల బృందమైన కొలీజియం మిశ్రా పేరును సుప్రీంకోర్టుకు సిఫారసు చేస్తూ, దేశంలోని హైకోర్టు న్యాయమూర్తుల సీనియారిటీలో ఆయనది 21వ స్థానమని రాసింది. సుప్రీంకోర్టులో ఛత్తీస్‌గఢ్‌కు ప్రాతినిధ్యం కల్పించడాన్నీ లెక్కలోకి తీసుకుంది. మే 19న ప్రమాణం జరిగింది. సిఫారసుకూ ప్రమాణానికీ మధ్య మూడే రోజులు. ఆయనకు అరవై అయిదేళ్లు నిండేది 2029 ఆగస్టులో.