కాకి తెచ్చిన వార్త

ఇంటి చూరుపై కాకి అరచిన చుట్టము వచ్చునని మన పెద్దలు చెప్పుదురు. 1999వ సంవత్సరపు వేసవిలో న్యూయార్కు నగరమున కాకులు అరచుటకు మారు నేలరాలినవి. చుట్టము మాత్రము వచ్చియే యుండెను.

ఆ యేడు ఆగస్టు 23వ తేదీన క్వీన్సు ప్రాంతపు వైద్యశాలనుండి డెబోరా ఆస్నిస్ అను వైద్యురాలు నగరారోగ్యశాఖకు ఒక సంగతి తెలిపెను. వయసు మీరిన యిద్దరు రోగులు జ్వరముతో వచ్చి, మతి చలించి, కాలుసేతులు చచ్చుబడి పడియున్నారు, రోగమేదో అంతుపట్టకున్నది. సెప్టెంబరు 3వ తేదీన అధికారులు దానికొక పేరు పెట్టిరి. సెంటులూయి మెదడువాపు అనిరి. అది అమెరికాలో పాతకాపే, దోమకాటువలన వచ్చునది. వెంటనే నగరముపై దోమలమందు చల్లింప మొదలిడిరి.

అదే సమయమున బ్రాంక్సు జంతుప్రదర్శనశాలలో ట్రేసీ మక్‌నమారా అను పశువైద్యురాలు చచ్చిన కాకులను కోసి చూచుచుండెను. ఇంతలో ఆ శాలలోని పక్షులే, ఫ్లెమింగోలు, నీటికాకులు మొదలగునవి, చావనారంభించినవి. ఆమె తర్కము మన నైయాయికులు మెచ్చదగినది. సెంటులూయి వైరసు పక్షుల నెత్తుట నుండును గాని వానిని చంపదు. ఇచ్చట పక్షులు చచ్చుచున్నవి. గుఱ్ఱములకు వచ్చు తూర్పు మెదడువాపు అందమన్నచో, అది ఈమూ పక్షులను పట్టవలెను. ఈమూలు హాయిగా తిరుగుచున్నవి. కావున మనుష్యుల రోగమునకు పెట్టిన పేరు తప్పు; పక్షుల చావును మనుష్యుల జ్వరమును ఒక్కటియే. మనుష్యరోగములు చూచు అధికారులు ఈ మాటను చాల దినములు చెవిని బెట్టలేదు. పక్షులను కోయు వైద్యురాలి వాదము వారికేల? సెప్టెంబరు కడపటగాని నిజము తేలలేదు. వచ్చినది పశ్చిమార్ధగోళమున అంతవఱకెన్నడును కనబడని వెస్టునైలు వైరసు. ఆ యేడు 62 మంది జబ్బుపడిరి, 7గురు మరణించిరి. రెండు రోగములకును దోమయే వాహనము గావున పేరు తప్పినను మందు తప్పలేదు. అది అదృష్టము గాని వివేకము గాదు.

ఈ పేరును గూర్చి ఒక్క మాట. వెస్టునైలు ఉగాండాలోని జిల్లా. ఆ దేశము ఆంగ్లేయుల యేలుబడిలోనున్న 1937లో పచ్చజ్వరమును వెదకబోయిన పండితులు జ్వరపీడితయైన ఒక ఆఫ్రికా స్త్రీ రక్తమునుండి దీనిని వేరుచేసిరి. నాటినుండి ఆ జిల్లావారు చేయని నేరమునకు వారి నేల పేరు లోకమంతట రోగనామమై నిలిచినది. 'జపాను మెదడువాపు' అనునదియు నిట్టిదే. ఇట్టి పేర్లు వలదని 2015లో ప్రపంచారోగ్యసంస్థ చెప్పినది గాని పాతవి పోలేదు. మేమును వాడుకకు లోబడియే వ్రాయుచున్నాము.

ఈ వైరసుల సంసారము పక్షికిని దోమకును నడుమ సాగునది. క్యూలెక్సు జాతి దోమ రోగపు పక్షిని కుట్టి, కొన్ని దినముల పిమ్మట మఱియొక పక్షిని కుట్టును. మనుష్యుడును గుఱ్ఱమును ఈ బాటలో చిక్కుకొనిన పరాయివారు. వారి నెత్తుట వైరసు మరల దోమకంటునంతగా పెరుగదు. మన చావు ఆ వైరసునకు లాభమును గాదు, నష్టమును గాదు. మనుష్యుని గర్వమునకిది మంచి మందు.

దీని శరీరమంతయు పదునొకండువేల అక్షరముల చిన్న గ్రంథము. ప్రతి వ్రాయునప్పుడెల్ల తాళపత్రములపై లేఖకులు చేసినట్లే తప్పులు దొరలును. అందు పెక్కు తప్పులు నిలువవు. ఏలయన, ఈ సేవకునకు ఇద్దరు యజమానులు. పక్షి నెత్తుటను పెరుగవలెను, దోమ కడుపునను బ్రతుకవలెను. ఒకరికి నచ్చినది రెండవవారికి నచ్చకున్న ఆ మార్పు అంతరించును. కాని యెప్పుడో యొక తప్పు నిలిచిపోవును. వైరసు తన్ను తాను పెంచుకొను పనిముట్టులో ఒక్క తావున ప్రోలీను అను ద్రవ్యము చేరిన మాత్రమున అది అమెరికా కాకులకు ప్రాణాంతకమగునని 2007లో పరిశోధకులు నిరూపించిరి. ఈ మార్పు ఒక్కచోట పుట్టి వ్యాపించినది గాదు, వేఱువేఱు కాలములందు విడివిడిగ పుట్టినది. అతిథి యింటివానిని చంపునా యని కొందరడుగవచ్చును. చిరపరిచయమువలన రోగములు మెత్తబడునను మాట తఱచుగ వినబడుచుండును. దోమరోగముల విషయమున ఆ మాటను నమ్మరాదు. పక్షి నెత్తుట వైరసు ఎంత విస్తారముగ నున్న దోమకంత సులభముగ నంటును. కాకి చచ్చినను దోమ యెగిరిపోవును.

మఱియొక మార్పు అమెరికాలోనే 2002 ప్రాంతమున తలయెత్తినది. ఈ క్రొత్త రూపము దోమ కడుపునుండి లాలాజలమునకు రెండుమూడు దినములు ముందుగ చేరును. కొలది వారములు బ్రతుకు దోమకు రెండుదినములన్న సామాన్యము గాదు. కొన్ని యేండ్లలోనే ఇది 1999లో వచ్చిన రూపమును త్రోసివైచినది. 2003లో ఆ దేశమున 9,862 మంది రోగులు లెక్కకు వచ్చిరి. 264 మంది చనిపోయిరి. మఱుసటి యేటికి వైరసు పసిఫికు తీరమునకును చేరియుండెను. కొన్ని ప్రాంతములలో కాకుల సంఖ్య 45 శాతము వఱకు పడిపోయినది. న్యూయార్కు వైరసు 1998లో ఇజ్రాయేలున చచ్చిన పెద్దబాతునుండి తీసిన దానితో దాదాపు అక్షరమక్షరము సరిపోయినది. ఆఫ్రికాదే యగు ఉసుటు వైరసు 2001లో వియన్నా నగరపు నల్లపిట్టలను చంపినది. సముద్రములును సరిహద్దులును వీనికి లేవు.

మన సంగతి వేఱు. మన పొలములలో ఈ కుటుంబమువాడే యగు జపాను మెదడువాపు కలదు. 1955లో వేలూరు ప్రాంతమునను, దానినంటిన ఆంధ్ర జిల్లాలందును ఈ రోగము మొదట గుర్తింపబడినది. దీని దోమ వరిమడిలో పుట్టును. మడిలో చేపలు పట్టు తెల్లకొంగ, గుడ్డికొంగ దీనికి ఆశ్రయములు. ఊరిపంది దీనిని పదింతలు చేయు కొట్టు. సోకిన 250 మందిలో ఒక్కరికే రోగము పైకి తేలును. తేలినవారిలో నూటికి 30 మంది వఱకు చత్తురు. బ్రతికినవారిలో మూడవపాలో సగమో జీవితాంతము అవిటివారగుదురు. వారిలో పిల్లలే హెచ్చు.

మనకు న్యూయార్కువారి కాకి లేదు. కొంగ చావదు, పందియు పైకి బాగుగనే యుండును. చూలుపంది ఈనిన పిల్లలు మాత్రము చచ్చి పుట్టును. 2022లో ఆస్ట్రేలియాలో ఆ పందిపిల్లలే హెచ్చరిక నిచ్చినవి. దొడ్లవారు చెప్పిరి, పశువైద్యులు పరీక్షించిరి, మార్చి 4వ తేదీన ప్రభుత్వము దేశవ్యాప్తమైన యాపదగ ప్రకటించెను. మన పల్లెలో పందిపిల్లలు చచ్చి పుట్టిన ఆ సంగతి యే కచ్చేరి చేరును? పెంచువాడు పేదవాడు, పూడ్చి యూరకుండును. కావున మనయందు కాకి చేయవలసిన పనిని పసిబిడ్డ చేయుచున్నాడు.

టీకా కలదు గదా యందురు. కలదు. కోలారు రోగినుండి 1981లో తీసిన వైరసుతో మన హైదరాబాదుననే భారత్ బయోటెక్ వారు తయారుచేసిన జెన్వాక్ 2013లో బయటికి వచ్చినది; గర్వింపదగిన పనియే. అయినను మనుష్యునినుండి మనుష్యునకంటని రోగమునందు పదిమంది పిల్లలకు టీకా వేసిన పదునొకండవవానికి దానివలన రక్షణ లేదు. కొంగయు పందియు దోమయు నున్నంతవఱకు ప్రతి బిడ్డకును విడిగ వేయవలసినదే.

భూస్వాములకొక మాట చెప్పవలసియున్నది. వరిమడిలో నీరు నిలువగట్టక నడుమనడుమ ఆరగట్టు ఆరుతడి పద్ధతివలన దోమపిల్లలు చచ్చును, నీరు మిగులును. మెలకువతో నడపిన దిగుబడి తగ్గదు. ఒక్క రైతు చేసిన ప్రయోజనము స్వల్పము; ఆయకట్టంతయు కలిసిరావలెను. కాలువనీరు వంతులవారీగ వదలు అధికారులు కూడ రావలెను. పందులను తుపాకులతో కాల్చుటగాని పెంచువారిని ఊరినుండి తరుముటగాని మాకు సమ్మతము గాదు. దోమలు చొరని దొడ్లు ఊరికి దూరముగ కట్టించి యిచ్చుట ప్రభుత్వపు పని. కొంగలు గూళ్లుకట్టు చింతచెట్లను నఱకుట మూర్ఖత. అవి మన పైరు పురుగులను తినునవి.

వానలు పడి నాట్లు ముగిసిన పిమ్మట పందుల నెత్తురు పరీక్షించినచో ఏ గ్రామమున వైరసు కదలుచున్నదో తెలియును. టీకా తప్పిన బిడ్డలను వెదకి వేయుటకు అప్పటికింకను వ్యవధి యుండును. పందుల నెత్తురు పశువైద్యశాఖవారిది, బిడ్డల జ్వరము ఆరోగ్యశాఖవారిది, నీరు నీటిపారుదలశాఖవారిది. ఈ మూడు కచ్చేరీలవారు ప్రతి జిల్లాయందును ఒక్క బల్లచుట్టు కూర్చుండి తమ తమ లెక్కలు ఒండొరులకు చూపవలెనని మేము కోరుచున్నాము. ఆ కూర్పు ఏటేట ఆగస్టు దాటకముందే జరుగవలెను.