ఎముకకు గుల్లరాయి సాయం

చెట్టు మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న మిత్రుడు మీ తరగతిలో ఒకడైనా ఉండే ఉంటాడు. ఆసుపత్రిలో పిండికట్టు వేసి ఉంటారు. లేదా మన రాయలసీమలో చాలామంది చేసినట్లు పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకుని ఉంటాడు. కొన్ని వారాలకు కట్టు విప్పితే ఎముక అతుక్కుని కనిపిస్తుంది. అతికించింది ఎవరు? డాక్టరూ కాదు, కట్టూ కాదు. విరిగిన కొసలను సరిగా చేర్చి కదలకుండా ఉంచడమే వాళ్ళు చేసిన పని. అతికించుకున్నది ఎముకే!

ఎందుకంటే ఎముక రాయి కాదు. ప్రాణమున్న కట్టడం. అందులో రెండు రకాల పనివాళ్ళు ఎప్పుడూ పనిచేస్తూంటారు. ఆస్టియోక్లాస్ట్‌లు అనే కణాలు ఆమ్లాన్ని స్రవించి పాత ఎముకను కరిగిస్తాయి. ఆస్టియోబ్లాస్ట్‌లు అనే కణాలు ఆ చోట కొత్త ఎముకను కడతాయి. ఎముక విరిగినప్పుడు అక్కడ ముందు రక్తం గడ్డకడుతుంది. తరువాత మెత్తని వంతెన ఏర్పడుతుంది. అది క్రమంగా గట్టిపడి ఎముక అవుతుంది.

కాని ఒక చిక్కు ఉంది. లారీ ప్రమాదంలో కాలి ఎముక ముక్కలై కొంత భాగం పోయిందనుకోండి. లేక చీము పట్టిన భాగాన్ని, కంతి ఉన్న భాగాన్ని డాక్టర్లు తీసివేయవలసి వచ్చిందనుకోండి. అప్పుడు కొసలకు మధ్య ఖాళీ మిగులుతుంది. అది పెద్దదైతే ఎముక తనంత తాను దాటలేదు. ఆ చోట పీచులాంటి మెత్తని పదార్థం నిండిపోతుంది. ఆ కాలు బరువు మోయదు. ఎంత మంచి కట్టు కట్టినా లాభం లేదు.

ఇలాంటప్పుడు డాక్టర్లు ఆ రోగి తుంటి ఎముకనుంచే కొంత ముక్క తీసి ఖాళీలో పెడతారు. ఇది చాలా మంచి పద్ధతి. కాని రెండో చోట కూడా కోత, నొప్పి తప్పవు. పైగా తుంటినుంచి తీయగలిగింది కొంచెమే. మరి ఆ ముక్కను మనమే తయారు చేసుకోలేమా?

దీనికి ముందు ఎముక దేనితో తయారైందో తెలియాలి. దాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. మిగిలినదానిలో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీను, కొంత నీరు. ఆ ఖనిజం ఒక రకం కాల్షియం ఫాస్ఫేట్. దానికి దగ్గర పోలిక గల పదార్థాన్ని హైడ్రాక్సీఅపటైట్ అంటారు. దీనిని ప్రయోగశాలలో తయారు చేయవచ్చు. పొడిని అచ్చులో నొక్కి, 1,200 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో కాలిస్తే పింగాణీలా గట్టి దిమ్మ వస్తుంది.

ఆ దిమ్మను ఖాళీలో పెడితే సరిపోతుందా? సరిపోదు. కొత్త ఎముక దాని పైపైనే పట్టుకుంటుంది. లోపలికి పోవడానికి దారి ఏదీ?

దారి అంటే ఏమిటో తెలియాలంటే మన బెలుం గుహలకు వెళదాం. ఇవి కొలిమిగుండ్ల దగ్గర ఉన్నాయి. 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. సున్నపురాతిని వేల సంవత్సరాలుగా నీరు కరిగించి ఈ గుహలను తొలిచింది. నేల మీద కనిపించేవి బావుల్లాంటి గుంతలే. లోపలికి దిగితే గదులు, ఇరుకు దారులు ఒకదానితో ఒకటి కలుస్తూ 3,229 మీటర్ల పొడవున సాగుతాయి. దారులు కలవకపోతే ఎన్ని గదులున్నా మనం మొదటి గది దాటలేం.

ఎముకలో పెట్టే ముక్కకూ ఇదే సూత్రం. అందులో రంధ్రాలుంటే చాలదు. అవి ఒకదానిలోకి ఒకటి తెరుచుకోవాలి. ఆ దారులలోనుంచి కణాలు పోవాలి. వాటికి ఆహారం, ఆక్సిజన్ అందించే రక్తనాళాలు పెరగాలి. అందుకు రంధ్రం వెడల్పు కనీసం 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు ఉంటే మంచిదని పరిశోధనలలో తేలింది. రక్తనాళాలు బాగా పెరగడానికి 300 మైక్రాన్లు, అంతకు మించి ఉంటే ఇంకా మేలు.

ఇలాంటి దారులు ప్రకృతిలో సిద్ధంగా ఉన్నాయి, సముద్రపు పగడాలలో! పగడపు రాయి కాల్షియం కార్బొనేట్. మన కడప బండలూ ముఖ్యంగా అదే పదార్థం. కాని కడప బండ గట్టిగా, దట్టంగా ఉంటుంది. కొన్ని జాతుల పగడాలలో 200 నుంచి 500 మైక్రాన్ల రంధ్రాలు వరుసగా కలిసి ఉంటాయి. 1974లో అమెరికాలో డెల్లా రాయ్, లినహాన్ అనే శాస్త్రజ్ఞులు పగడాన్ని ఫాస్ఫేటు ద్రావణంలో ఉంచి, అధిక పీడనంలో వేడిచేశారు. కార్బొనేటు పోయి ఫాస్ఫేటు చేరింది. పగడం హైడ్రాక్సీఅపటైట్‌గా మారింది. రంధ్రాలు మాత్రం చెక్కు చెదరలేదు!

పగడం లేకుండానూ రంధ్రాలు చేయవచ్చు. పరుపులలో వాడే స్పంజిని ఖనిజపు పొడి కలిపిన చిక్కని ద్రవంలో ముంచి, ఆరబెట్టి కాలుస్తారు. స్పంజి కాలిపోతుంది. దాని రూపంలో గుల్లరాయి మిగులుతుంది. ఇప్పుడు కంప్యూటరులో గీసిన నమూనా ప్రకారం పొర మీద పొర పేర్చే యంత్రాలు కూడా ఉన్నాయి. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ, కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధన సంస్థ ఇలాంటి పదార్థాలపై కృషి చేశాయి.

ఇంకో ప్రశ్న. ఆ ముక్క ఎంతకాలం ఉండాలి? 1892లో డ్రీస్మన్ అనే జర్మన్ డాక్టరు ఎముకలోని ఖాళీలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపాడు. కాని అది కొద్ది వారాలలోనే కరిగిపోతుంది. చాలాసార్లు కొత్త ఎముక అంత త్వరగా తయారు కాదు. హైడ్రాక్సీఅపటైట్ దీనికి వ్యతిరేకం, ఏళ్ళ తరబడి కరగదు. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ దానికంటె త్వరగా కరుగుతుంది. అందుకే రెండింటినీ తగు పాళ్ళలో కలుపుతారు. ఇల్లు కట్టేటప్పుడు వేసే సారువ గోడ లేచేదాకా ఉండాలి, లేచాక పోవాలి కదా!

అన్నిటికంటె కష్టమైనది బలం. సగం ఖాళీ ఉన్న గుల్లరాయికి సగం బలం కూడా ఉండదు. రంధ్రాలు పెరిగేకొద్దీ అది సుద్దముక్కలా పెళుసవుతుంది. అందుకని కాలు వంటి చోట్ల బరువు మోయడానికి లోహపు పలకలు, మరలు బిగిస్తారు. గుల్లగానూ, గట్టిగానూ ఉండే పదార్థం కోసం శాస్త్రజ్ఞులు ఇంకా వెతుకుతున్నారు.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక ఎండిన ఎర్ర ఇటుక, ఒక నునుపైన కడప బండ ముక్క తీసుకోండి. రెండింటి మీదా చెరో నీటి చుక్క వేయండి. ఏది పీల్చుకుంది? తరువాత ఉడికించి శుభ్రం చేసిన కోడికాలు ఎముకను ఒక సీసాలో వెనిగర్ పోసి నానబెట్టండి. రెండు రోజుల కొకసారి వెనిగర్ మార్చండి. వారం తరువాత తీసి వంచి చూడండి. రబ్బరులా వంగుతుంది! ఖనిజం కరిగిపోయి, ఎక్కువగా కొల్లాజెన్ మిగిలింది.

ఇప్పుడు చెప్పండి. ఇటుకలా పీల్చుకుంటూ, బండలా బరువు మోస్తూ, పని ముగిశాక ఈ ఖనిజంలా కరిగిపోయే ముక్కను మీరైతే ఎలా తయారు చేస్తారు?