కాందిశీకుల బిడ్డలు

"కాందిశీకుడు" అను పదమునకు పండితులు చెప్పు వ్యుత్పత్తి హృదయమును కదిలించునది. భయముచే పరుగెత్తువాడు "కాం దిశం యామి", ఏ దిక్కునకు పోదును, అని కలవరపడునట. దిక్కు వెదకుట తల్లిదండ్రుల వంతు. "మీ ఊరేది?" అను ప్రశ్నకు జవాబు వెదకుట బిడ్డల వంతు.

బర్మా తెలుగువారి చరిత్ర ఇందుకు నిదర్శనము. కోరంగి రేవు పేరున వారిని అచట "కోరంగీలు" అని పిలిచెడివారు. రంగూను రేవులో బరువులు మోసి, బియ్యపు మిల్లులలో చెమటోడ్చి వారు కాపురములు నిలుపుకొనిరి. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపింపగా భారతీయులు లక్షల సంఖ్యలో ఇండ్లు విడిచిరి. అరకాను, అస్సాము కొండదారులలో ఎందరో ఆకలికి, జ్వరములకు బలియైరి. యుద్ధానంతరము కొందరు తిరిగి వెళ్లిరి. 1962లో అధికారము చేపట్టిన సైనిక ప్రభుత్వము 1964లో అంగళ్లను జాతీయము చేయగా మరల ఓడ యెక్కక తప్పలేదు. విశాఖపట్టణమున కంచరపాలెములోని బర్మా క్యాంపు పేరు ఆ రాకకు నేటికిని గుర్తు.

ఇందులో ఒక వింత కలదు. ప్రభుత్వపు లెక్కలో వారు స్వదేశమునకు మరలివచ్చినవారు. కాని రంగూనులో పుట్టిన బిడ్డకు ఇది చూచి యెరుగని దేశము. "మన దేశమునకు వచ్చితిమి" అని తల్లి ఊరడించును. బిడ్డ బడియు, స్నేహితులును, ఆడుకొనిన వీథియు సముద్రమున కావలనే నిలిచిపోయెను. తాతకు శ్రీకాకుళపు పల్లె, అన్నకు రంగూను, ఇచట పుట్టిన తమ్మునికి శిబిరము: ఒకే ఇంట మూడు ఊళ్లు!

ఈ బాధ తెలియుటకు దేవరకొండ విద్యార్థి సముద్రము దాట నక్కరలేదు. నాటి దేవరకొండ తాలూకాలో కృష్ణాతీరమున నుండిన ఏలేశ్వరము నాగార్జునసాగర జలములలో మునిగినది. ముంపునకు ముందు పురావస్తు శాఖవారు అచట త్రవ్వకములు జరిపి ప్రాచీన అవశేషములను వెలికితీసిరి. శిలలను భద్రపరచుటకు ఒక శాఖ కలదు. ఊరు విడిచిన అవ్వ మాటలను భద్రపరచుటకు మనుమడు తప్ప ఎవరు కలరు?

కనుక "మీ ఊరేది?" అని ఉపాధ్యాయుడు అడిగినపుడు బిడ్డ తడబడినచో తొందరపెట్టరాదు. "మీ అమ్మ ఊరును గూర్చియు చెప్పుము" అని ప్రోత్సహింపవలెను. రెండు ఊళ్ల పేర్లు చెప్పిన బిడ్డ జవాబు తప్పు కాదు. ఆ రెండును వానివే.